మంగళము లేని కాలక్షేపము

(ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతముల భక్తుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మీరందరు ఎవరి పనులు వారు ముగించుకొని ఇక్కడకు విచ్చేసినారు. దుకాణము మూసి వచ్చినవారున్నారు. కార్యాలయము నుండి నేరుగా వచ్చినవారున్నారు. పిల్లలకు అన్నము పెట్టి వచ్చిన తల్లులున్నారు. ఇప్పుడు మీరు గడపుచున్న ఈ గంట జీతమునకు ఇచ్చినది కాదు, వ్యాపారమునకు ఇచ్చినది కాదు. ఇది మీ సొంత కాలము. దీనినే మనవారు తీరిక అన్నారు. ఆ మాటను కొంచెము నిదానించి చూడండి. తీరిక యనగా పని తీరిన పిమ్మట మిగులునది. ఒకటి ముగిసినగాని రెండవది మొదలు కాదని ఆ మాటలోనే ఉన్నది.

నేడు మనము ఆలోచింపవలసిన విషయము ఈ తీరికను గురించియే. ఇరువది, ముప్పది సంవత్సరములలో మన తీరిక గడచు తీరు మారిపోయినది. ఒకప్పటి వినోదము మన ఎదుట జరిగెడిది, మనము చూచెడివారము. నేటి వినోదము మన చేతిలో ఉన్నది. మనము వేలు కదిపిన అది కదలును, అడిగిన బదులు చెప్పును, ఆడిన ఎదురు ఆడును. దీనినే ఇంటరాక్టివ్ మీడియా అనుచున్నారు. బదులు పలుకు మాధ్యమము అని మనము చెప్పుకొనవచ్చును. సెల్‌ఫోనులోని ఆటలు, వీడియోలు, సందేశములు, వ్యాఖ్యలు అన్నియు ఈ కోవకు చెందినవే.

దీనిని నిందించుటకు నేను ఇక్కడ కూర్చొనలేదు. ఫోనును తిట్టి ఇంటికి పోయి, ఆ ఫోనునే చేతబట్టుకొనుట వలన ప్రయోజనమేమున్నది? అది ఎటువంటిదో తెలిసికొని, దానితో ఎట్లు మెలగవలెనో తెలిసికొనుట ముఖ్యము.

బదులు పలుకుట క్రొత్త కాదు

ముందుగా ఒక సందేహమును తీర్చుకొందము. బదులు పలుకు వినోదము పాశ్చాత్యులు కనిపెట్టిన క్రొత్త వింత యని చాలమంది తలంచుచున్నారు. అది నిజము కాదు. మన వినోదములన్నియు బదులుతో నడచినవే.

హరికథను చూడండి. దాసుగారు చిడతలు మ్రోగించి గోవింద నామము పలికిన వెంటనే సభ అంతయు గొంతు కలుపును. ఆ గొంతులోని బలమును బట్టి దాసుగారు కథను పెంచెడివారు, పిట్టకథను చేర్చెడివారు, వినువారు అలసినారని తోచిన త్వరగా నడిపించెడివారు. హరికథా పితామహుడని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారి వంటి మహనీయులు తీర్చిదిద్దిన కళ అది. బుర్రకథలో వంతపాడువారు కథకుని ఆపి ప్రశ్నలు వేయుదురు, పరిహాసమాడుదురు. అవి సభలోనివారి మనసున మెదలు ప్రశ్నలే.

అష్టావధానమును తలచుకొనండి. తిరుపతి వేంకట కవులు ఊరూర ప్రదర్శించి తెలుగువారి హృదయములలో నిలిపిన విద్య అది. ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టును కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు నాలుగు పదములిచ్చి దత్తపది అడుగుదురు. ఒకరు అక్షరమక్షరమునకు అడ్డు తగిలి నిషిద్ధాక్షరి నడిపింతురు. మరియొకరు నడుమనడుమ అసందర్భపు మాటలతో అవధాని ఏకాగ్రతను చెదరగొట్టుటకు ప్రయత్నింతురు. ప్రశ్న లేనిదే పద్యము లేదు. ఇంతకన్న బదులు పలుకు వినోదము ప్రపంచములో మరి ఏమున్నది?

ఇవన్నియు ఎందుకు? ప్రతి ఇంట అమ్మమ్మ చెప్పిన కథను తలచుకొనండి. అమ్మమ్మ కథ చెప్పునప్పుడు పిల్లవాడు ఊ కొట్టవలెను. ఊ అనుట ఆగినదా, అమ్మమ్మ "నిద్రపోయినావా నాయనా?" అని అడుగును. బదులు రాకున్న కథ అక్కడనే ఆపి, దుప్పటి కప్పి, దీపము తగ్గించును. మిగిలిన కథ మరునాటి రాత్రికి.

ఆ ఊ అను ఒక్క అక్షరములో ఎంత ధర్మమున్నదో గమనింపుడు. వినువాని మేలుకొరకే కథ నడచినది. వినువాడు అలసిన కథ ఆగినది. నేడు అదే పిల్లవాని చేతిలో ఫోను పెట్టి పండుకొనబెట్టుచున్నాము. ఒక వీడియో ముగియగనే మరియొకటి తనంతట తాను మొదలగును. పిల్లవాడు నిద్రపోయినను అది ఆగదు. వాని కన్ను మూతపడినది, వెలుగు మాత్రము వాని ముఖముపై ఆడుచునే ఉన్నది. రెండును బదులు పలుకునవే. ఒకటి మన అలసటను ఎరుగును. రెండవది ఎరుగనే ఎరుగదు. తేడా యంతయు ఇక్కడనే ఉన్నది.

ఈ పేట వినోదముల కథ

మనము కూర్చున్న ఈ ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములు నూరేండ్లకు పైగా హైదరాబాదు తీరికకు నెలవులు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ అను నతని దుకాణము పేరే ఈ పేటకు స్థిరపడినది. దుకాణముతో పేరు వచ్చినను పేట సరకులతో ఆగలేదు. చదువు, సినిమా, తోట, సంత, అన్నియు దీని చుట్టును అల్లుకొన్నవి.

సుల్తాన్ బజారులో 1901వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. తెలుగు పుస్తకము దొరకుట దుర్లభమైన ఆ దినములలో సాయంకాలము అక్కడకు పోయి పత్రిక చదువుట ఒక గొప్ప కాలక్షేపము. 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు, నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు, మన తిలక్ రోడ్డు మీదనే ఉన్నది. ఆదివారము వచ్చిన ఆబిడ్స్ కాలిబాటలపై పాత పుస్తకముల రాశులు వెలయును. ఆ రాశుల నడుమ వంగి వెదకువాడు ఒక పుస్తకమునకై వచ్చి, తాను ఎన్నడును వినని మరియొక పుస్తకముతో ఇంటికి పోవును.

సినిమాల మాట చెప్పనక్కరలేదు. నందమూరి తారక రామారావుగారు కట్టించిన రామకృష్ణా థియేటరు ఈ వీధిలోనిదే. ఆ దినములలో సినిమా చివర తెరపై "శుభం" అను అక్షరములు కనబడెడివి. దీపములు వెలిగెడివి. జనులు చెప్పులు వెదకుకొని బయటకు నడచెడివారు. తరువాత వారము దినములు ఆ కథను గురించి చెప్పుకొనెడివారు.

పబ్లిక్ గార్డెన్స్ ఎదుటి ఆకాశవాణిని తలచుకొనండి. దక్కన్ రేడియోగా మొదలై 1950లో ఆకాశవాణిలో కలిసిన కేంద్రమది. రేడియోతోను జనులు మాటలాడినారు. కోరిన పాటకై కార్డు వ్రాసి, తమ పేరు, ఇంటివారందరి పేర్లు వ్రాసి, తపాలా పెట్టెలో వేసి, వారముల తరబడి ఎదురుచూచెడివారు. ఒకనాటికి ఆ పేరు రేడియోలో వినబడిన ఇల్లంతయు పండుగ. అక్కడ కూడ బదులున్నది. కాని ప్రశ్నకు, బదులుకు నడుమ ఓర్పు ఉన్నది. రాత్రి ఒక వేళకు ప్రసారము ముగిసెడిది.

1987, 1988 సంవత్సరములలో దూరదర్శనములో ఆదివారము ఉదయము రామాయణము వచ్చినప్పుడు వీధులు నిర్మానుష్యమైన మాట మీలో చాలమంది ఎరుగుదురు. ఇరుగు పొరుగు వారందరు ఒకే ఇంట కూర్చుండి చూచినారు. కథ ఎంత ఉత్కంఠలో ఆగినను మరల ఆదివారము దాక వేచియుండవలసినదే. ఆ వారము దినములు కథ మన మనసులో పండెడిది.

అన్నిటికిని మించినది నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రుల పూనికతో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఈ ప్రదర్శన 1946లో నాంపల్లిలోని నేటి మైదానమునకు మారినది. సాధారణముగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాక, అనగా 46 దినములు జరుగును. ఆ సంత ఆదాయముతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుచున్నది. ఆ మైదానము చెంతనున్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము అట్టిదే. మనము ఒక సాయంకాలము సరదాగా తిరిగి కొన్న టిక్కెట్టు ఒక ఆడపిల్ల చదువునకు తోడైనది.

ఈ వినోదములన్నిటికిని ఒక సామ్యమున్నది. పుస్తకమునకు చివరి పుట ఉన్నది. సినిమాకు శుభం ఉన్నది. రేడియోకు ప్రసార సమాప్తి ఉన్నది. నుమాయిష్‌కు ద్వారము మూసివేయు వేళ ఉన్నది. హరికథకు మంగళమున్నది. మంగళము పాడిన తరువాత దాసుగారు చిడతలు క్రింద పెట్టుదురు, మనము ప్రసాదము తీసికొని లేతుము.

మంగళము ఎక్కడ పోయినది?

మన దేశములో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చినది. తరువాతి సంవత్సరములలో వీధివీధిన ఇంటర్నెట్టు కేంద్రములు, వీడియో ఆటల దుకాణములు వెలసినవి. అవియు బదులు పలుకు మాధ్యమములే. అయినను అక్కడ గంటకు ఇంతయని రుసుము ఉండెడిది. గడియారము చూచి యజమాని "వేళ అయినది" అనెడివాడు. ఆ మాటయే ఆ ఆటకు మంగళము.

పిదప ఫోను చేతికి వచ్చినది. ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్టునకు పోయినచో ఫోనుల వ్యాపారము ఎట్లు పెరిగినదో కన్నులార చూడవచ్చును. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధరలు అమాంతముగా పడిపోయినవి. లెక్కించి వాడుకొను ఇంటర్నెట్టు కుళాయి నీరువలె అయినది. గంటలు లెక్కించు యజమాని పోయినాడు. చివరి పుటయు పోయినది. 2006లో అజా రాస్కిన్ అను అమెరికా సాంకేతిక నిపుణుడు పుట క్రిందికి జరుపుకొలది తరగక వచ్చుచునే ఉండు ఏర్పాటును రూపొందించినాడు. పుట మార్చవలసిన శ్రమ తప్పించుటకు చేసిన ఉపాయమది. పుట మార్చునప్పుడు మనసు ఒక్క క్షణము ఆగి, "ఇక చాలునా?" అని తనను తాను అడుగుకొనెడిది. శ్రమతో పాటు ఆ క్షణము కూడ పోయినది. దానివలన కలిగిన హానిని గురించి తరువాత అతడే బహిరంగముగా విచారమును తెలిపినాడు.

ఎందుకు ఆగలేము అను ప్రశ్నకు శాస్త్రజ్ఞులు మరియొక కారణము చెప్పుదురు. బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్స్టర్ అను మనస్తత్త్వవేత్తలు పావురములపై చేసిన ప్రయోగములను 1957లో గ్రంథముగా వెలువరించినారు. పావురము ముక్కుతో మీట నొక్కిన గింజలు పడును. ఎన్ని మారులు నొక్కిన పడునో నిశ్చయముగా తెలిసినప్పుడు గింజ దొరకగనే పావురము కొంత విశ్రాంతి తీసికొన్నది. ఎప్పుడు పడునో తెలియకున్నప్పుడు మాత్రము విరామము లేక పొడుచుచునే ఉన్నది. ఈ మారు పడునేమో, మరు మారు పడునేమో! మన వ్రేలు ఫోను తెరను క్రిందికి లాగి లాగి చూచుటయు ఇట్టిదే. పది సందేశములు నిస్సారమైనవి, పదునొకండవది మధురమైనది. ఆ పదునొకండవ దాని కొరకు మరల పది.

దీనివలన కలుగు లాభము ఎవరికి చేరుచున్నదో కూడ తెలిసికొనవలెను. నుమాయిష్ టిక్కెట్టు ఎక్కడకు పోయినదో చెప్పుకొంటిమి. ఉచితమను పేరుతో ఇచ్చు వినోదములో మనము ధనము చెల్లింపము. మన చూపును చెల్లింతుము. ఆ చూపును ప్రకటనలు ఇచ్చువారికి అమ్ముకొందురు. మనము ఎంతసేపు చూచిన వారికి అంత ఆదాయము. అట్టి చోట "నాయనా, నిద్రపోయినావా?" అని అడుగువారు ఎవరుందురు?

పిలుపు వచ్చిన జూదరి

సభాపర్వములోని కథ మీకు తెలిసినదే. ధర్మరాజు జూదములో మణులు, రథములు, రాజ్యము, తమ్ములు, తాను, చివరకు ద్రౌపదీదేవి, అన్నియు ఓడినాడు. ధృతరాష్ట్రుడు వరములిచ్చి అన్నియు తిరిగి ఇచ్చి పంపినాడు. అంతటితో కథ ముగియవలసినది. పాండవులు ఇంద్రప్రస్థమునకు దారిపట్టినారు. దారిలో నున్నవారికి పిలుపు వచ్చినది: మరల ఒక్క ఆట! ధర్మము తెలిసినవాడు, అంతకు ముందే సర్వము పోగొట్టుకొని అనుభవించినవాడు, అట్టి ధర్మరాజు వెనుదిరిగినాడు. ఫలితము పండ్రెండేండ్ల వనవాసము, ఒక ఏడు అజ్ఞాతవాసము.

మొదటి ఆటకన్న ఆ రెండవ పిలుపు మనకు ఎక్కువ నేర్పును. మనము ఫోను క్రింద పెట్టి లేచి నడచుచుండగా అది ఒక్క చిన్న ధ్వని చేయును. దారిలో నున్నవానికి వచ్చిన పిలుపే అది. ధర్మరాజంతటివాడు వెనుదిరిగినాడనిన, పదునాలుగేండ్ల పిల్లవాడు వెనుదిరుగుటలో వింత ఏమున్నది? వానిని దోషిగా నిలబెట్టి తిట్టుటకు ముందు ఈ మాటను తల్లిదండ్రులు తలచుకొనవలెను.

ధనము పందెముగా పెట్టు ఆటలు ఎన్నో సంసారములను అప్పులపాలు చేసినవి. అందుకే తెలంగాణ ప్రభుత్వము 2017లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించుచు చట్టములను సవరించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించునట్లు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలపై నిషేధ శాసనము చేసినది. పందెము లేని ఆట కూడ అదుపు తప్పిన రోగమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది. 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన ఆ సంస్థ రోగముల పట్టికలో దీనికి స్థానము కలదు. ఆటపై అదుపు పోవుట, తక్కిన పనులన్నిటికన్న ఆటయే ముఖ్యమగుట, చెరుపు కనబడుచున్నను మానలేకుండుట, ఇవి దాని లక్షణములు. బెంగుళూరులోని నిమ్హాన్స్ వైద్యసంస్థ ఇట్టివారి కొరకు 2014లోనే ప్రత్యేక చికిత్సా విభాగమును తెరచినది. కనుక మీ ఇంట ఎవరైనను అట్టి స్థితిలో ఉన్నచో సిగ్గుపడవలదు, దాచవలదు. వైద్యుని చూపండి. జ్వరమునకు వైద్యుని చూపుట లేదా?

మేలును మరువరాదు

న్యాయముగా మాటలాడవలెనన్న రెండవ వైపు కూడ చెప్పవలెను. అమెరికాలోని మనుమని ముఖమును నాంపల్లిలోని తాతగారు ప్రతిదినము చూడగలుగుచున్నారు. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని తల్లి మంచము పైనుండియే ఉత్సవమును కన్నుల పండువుగా చూచుచున్నది. 2020లో మహమ్మారి వచ్చి వీధులు మూతపడినప్పుడు పిల్లల చదువులు ఈ చిన్న తెరపైననే సాగినవి. 2021లో నుమాయిష్ జరుగనేలేదు. ఆ చీకటి దినములలో మనుష్యునికి మనుష్యుని చూపించినది ఈ సాధనమే. ఎక్కడెక్కడి తెలుగువారో ఒకచోట కూడి నేడు అవధానమును వినగలుగుచున్నారు. పద్యము నేర్చుకొను పిల్లవాడు గురువు గొంతును పదిమారులు వినగలుగుచున్నాడు.

ఈ మేళ్లను గమనించినచో ఒక సత్యము తోచును. మనుమనితో మాటలాడునప్పుడు, "ఉంటాను తాతయ్యా, జాగ్రత్త" అని ముగియును. ఉత్సవము హారతితో ముగియును. పాఠము గంటతో ముగియును. అనగా మేలు చేసినవన్నియు మంగళము కలవే. చెరుపు చేసినవన్నియు మంగళము లేనివే. యంత్రము ఒక్కటే. అందులో మనము ఎంచుకొను కాలక్షేపమును బట్టి ఫలము.

లెక్క చూచుకొందము

వ్యాపారస్థులు ఎక్కువగా ఉన్న పేట కనుక ఒక లెక్క చెప్పుదును. దినమునకు 3 గంటలు ఫోనుపై గడచినదనుకొనండి. చాలమందికి ఇది ఎక్కువ అనిపించదు. ఉదయము అరగంట, మధ్యాహ్నము ఒక గంట, రాత్రి పండుకొనుటకు ముందు గంటన్నర. సంవత్సరమునకు 1095 గంటలు. దానిని 24 చేత భాగించండి. 45 దినముల పైచిలుకు! ఇంచుమించు ఒక నుమాయిష్ మొత్తము. అదియు సాయంకాలములు మాత్రమే కాదు, రాత్రింబవళ్లు కన్ను మూయక ఆ మైదానములో నిలబడినట్లు.

నుమాయిష్‌లో ఒక్క సాయంకాలము తిరిగిన పిల్లవాడు ఏండ్ల తరబడి దానిని చెప్పుకొనును. జెయింట్ వీల్ పైనుండి కనబడిన ఊరు, నాన్నగారి చేయి విడిచి తప్పిపోయినంత పని అయిన క్షణము, చేతిలోని వేడి మిర్చి. మరి నిన్న రాత్రి గంటన్నర చూచినదానిలో ఏమి జ్ఞాపకమున్నది? అవధానము చివర ధారణ అని ఒకటి ఉన్నది. అంతసేపు ముక్కలుముక్కలుగా చెప్పిన పద్యములన్నిటిని అవధాని వరుసగా అప్పగించును. ధారణ జరిగినగాని అవధానము సఫలము కాదు. మన ఫోను అవధానమునకు ధారణ పరీక్ష పెట్టినచో ఎందరము నిలుతుము? అవధానమనగా మనసును ఒకచోట నిలుపుట. మనము పోగొట్టుకొనుచున్నది గంటలనే కాదు, ఆ గంటలను నిలుపుకొను శక్తిని.

ఏమి చేయవలెను?

క్రొత్త నియమములను నేను కల్పించి చెప్పను. ప్రతి ఇంట జరుగు పూజలోనే మార్గమున్నది.

మొదటిది సంకల్పము. ఏ పూజ చేసినను ముందు ఏ దేశమున, ఏ తిథిన, ఎవరము, దేని కొరకు చేయుచున్నామో చెప్పుకొందుము. సంకల్పము లేని పూజ లేదు. ఫోను చేతికి తీసికొనునప్పుడు అట్లే ఒక్క మాట అనుకొనండి. "తమ్ముని కబురు తెలిసికొనుటకు తీసికొనుచున్నాను", "ఒక పాట వినుటకు తీసికొనుచున్నాను". ఊరక తీసికొన్న దినము ఊరకనే పోవును.

రెండవది ధారణ. రాత్రి భోజనము వేళ ఇంటిల్లిపాది కూర్చుండి, ఆ దినము చూచినదానిలో విన్నదానిలో ఒక్కొక్కరు ఒక్క మంచి విషయమును అప్పగించవలెను. తాతగారు చెప్పవలెను, మనుమరాలు చెప్పవలెను, యజమానియు చెప్పవలెను. పెద్దలకు మినహాయింపు లేదు. చెప్పుటకు ఏమియు దొరకని దినము ఎవరును ఎవరిని నిందింపవలదు. ఆ మౌనమే బోధించును.

మూడవది ఉద్వాసన. ఇది అన్నిటికన్న ముఖ్యము. ప్రతి వినాయక చవితికి మన వీధిలో జరుగునది చూడండి. బాలాపూరు నుండి బయలుదేరిన గణపతి శోభాయాత్ర చార్మినారు దాటి, మోజంజాహి మార్కెట్టు దాటి, మన ఆబిడ్స్ మీదుగా హుస్సేన్‌సాగరమునకు సాగును. ఎంత భక్తితో తెచ్చుకొన్న స్వామి! ఎన్ని రాత్రులు మేలుకొని కొలిచిన స్వామి! అట్టి స్వామికి కూడ వేళ వచ్చినప్పుడు వీడ్కోలు చెప్పి సాగనంపుచున్నాము. కన్నీరు పెట్టుకొనియైనను సాగనంపుచున్నాము. సాగనంపుట వలన భక్తి తగ్గినదా? మరు సంవత్సరమునకు రెట్టింపైనది. దేవునికే ఉద్వాసన చెప్పగలిగిన మనము ఒక చిన్న యంత్రమునకు రాత్రిపూట ఉద్వాసన చెప్పలేమా? ఇంటిలో దానికొక స్థానము ఏర్పరచండి. గూడు కానిండు, బల్ల కానిండు. దీపము పెట్టిన పిమ్మట ఒక వేళకు ఇంటిలోని ఫోనులన్నియు అక్కడకు చేరవలెను. ముందు పెద్దల ఫోను చేరవలెను. తండ్రి చేతిలో వెలుగుచుండగా కుమారుని చేతిలో ఆరదు.

నాల్గవది కూడ ఒకటి ఉన్నది. ఖాళీ చేసిన చోటును ఖాళీగా ఉంచరాదు. పిల్లవాని చేతినుండి ఫోను తీసికొని మరియేమియు ఇయ్యకున్నచో వాడు మరల దానికే పోవును. ఆదివారము వానిని వెంటబెట్టుకొని కాలిబాట పుస్తకముల నడుమ నడిపించండి. వానినే ఒకటి ఎంచుకొననిండు. జనవరిలో నుమాయిష్‌కు తీసికొనిపోండి. ఇంట నున్న ముసలి తల్లి చెంత కూర్చుండబెట్టి కథ అడుగనిండు. ఆ తల్లికి ఊ కొట్టువారు లేక ఎంత కాలమైనదో మనలో ఎవరికైనను తెలియునా? ఇంటిలో అందరకు బదులు చెప్పు యంత్రములున్నవి. ఆమె మాటకు బదులు చెప్పు మనిషియే లేడు.

ఏడు దినముల మాట

చివరగా పరీక్షిన్మహారాజును తలచుకొని ముగింతును. ఏడు దినములలో మరణమని తెలిసినప్పుడు ఆయన గంగాతీరమున కూర్చుండి, ఈ మిగిలిన కాలమును ఎట్లు గడపవలెనని శుకమహర్షిని అడిగినాడు. ఆ ప్రశ్నకు బదులే భాగవతము. ప్రపంచములోని గొప్ప కాలక్షేపమొకటి ఒక మనుష్యుడు తన కాలమునకు ముగింపు ఉన్నదని తెలిసికొని అడిగిన ప్రశ్న నుండి పుట్టినది. ఆయనకు ఏడు దినములని తెలిసినది. మనకు ఎన్నియో తెలియదు. తెలియనంత మాత్రమున అవి తరగనివి కావు. తరగని పుట ఫోనులో ఉండవచ్చును, మన ఆయువులో లేదు.

దీని సారము ఇంతియే. కాలక్షేపము తప్పు కాదు. ఆట తప్పు కాదు. బదులు పలుకు యంత్రము తప్పు కాదు. మొదలుపెట్టినదానిని ముగించుట మన చేతిలో ఉండవలెను. మంగళము మనము పాడవలెను. మనము పాడకున్న అది మన తీరికకు మంగళము పాడును.

ఈ ప్రసంగమునకును వేళ అయినది. ఇంటికి వెళ్లి ఈ రాత్రి మీ ఇంటిలోని పెద్దవారి చెంత ఒక్క ఘడియ కూర్చుండి, వారు చెప్పు మాటకు ఊ కొట్టండి. మీకును మీ బిడ్డలకును సకల శుభములు కలుగుగాక!

మంగళం మహత్. స్వస్తి.